నడపని కారుకి ఇంజన్ ఎందుకు?

పోయిన నెల మా కాలేజీ జూనియర్ ఒకడు మెసేజ్ పెట్టాడు. “అన్నా, ఎయిర్‌కూల్డ్ 911 ఒకటి చూశా. 1995ది. ఇప్పుడు కొంటే పదేళ్ళలో ఎంతవుద్ది?”

వాడు మర్యాదగానే అడిగాడు. నాకు పాత కార్ల పిచ్చి ఉందని మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు కాబట్టి నన్ను అడిగాడు. అయినా ఆ మెసేజ్ చదివిన దగ్గర్నుంచీ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ కారు నడిపితే ఎలా ఉంటుందని వాడు అడగలేదు. పెడళ్ళు నేలలోంచి మొలిచినట్టుంటాయట కదా, అలవాటు పడ్డం కష్టమా అని అడగలేదు. ఇంజన్ వెనక ఇరుసుకి కూడా అవతల వేలాడుతుంటుంది కదా, వానలో మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఏమవుతుంది అని అడగలేదు. ఎంతవుద్ది. అంతే.

ఈ వ్యాసం వాడికి జవాబు. వాడికొక్కడికే కాదులెండి, ఆరేడేళ్ళ కిందటి నాక్కూడా.

ముందు అడిగినదానికి సూటిగా చెప్తాను. ఎంతవుతుందో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. తెలుసన్నవాడు నీకేదో అమ్మబోతున్నాడు. ఇప్పటిదాకా ఎంతయిందో మాత్రం లోకమంతా తెలుసు, ఆ లెక్కలే ఈ పిచ్చికి ఎరువు. పోర్షె 911 1964 నుంచీ గాలితో చల్లబడే ఇంజన్‌తోనే వచ్చింది, 1998తో ఆ వరస ఆగిపోయింది. ఆ చివరి తరాన్ని 993 అంటారు. నేను ఎం.ఎస్.కి అమెరికా వచ్చిన 2011లో అది నాలుగైదేళ్ళు ఉద్యోగం చేసిన ఇంజనీరు కష్టపడితే కొనుక్కోగలిగిన కారే. ఇప్పుడు శుభ్రంగా ఉన్నది కావాలంటే లక్ష డాలర్ల చుట్టుపక్కల మాట్లాడాలి. ఇంజనీరింగ్ హాస్టల్‌లో ల్యాన్ మీద కాపీ కొట్టుకుని చూసిన మొదటి ‘ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్’లోని నారింజ రంగు సుప్రా గుర్తుందా? 2021లో వేలంలో 5 లక్షల 50 వేల డాలర్లు పలికింది. అదే వరస సినిమాల్లో పాల్ వాకర్ నడిపిన నీలం రంగు స్కైలైన్ 2023లో 13 లక్షలు దాటింది. ఇంకా పైకి పోతే ఫెరారీ 250 జీటీఓ. 1962 నుంచి 64 మధ్య చేసినవి 36. అమెరికాలో కొత్తలో దాని ధర పద్దెనిమిది వేల డాలర్ల చిల్లర. 2018లో ఒకటి 4 కోట్ల 84 లక్షలకు పోయింది. 2022 మే నెలలో స్టుట్‌గార్ట్‌లో మెర్సిడెస్ వాళ్ళ మ్యూజియంలో 1955 నాటి 300 ఎస్ఎల్ఆర్ కూపే ఒకటి 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. ఇలాంటివి ప్రపంచంలో రెండే ఉన్నాయి.

ఈ అంకెలు చదువుతుంటే నాకేమీ అనిపించదు. కొంత దూరం పోయాక సున్నాలకి అర్థం ఉండదు. నన్ను బాధపెట్టేవి కిందనున్న అంకెలు. ఇరవై వేలు నలభై అయిన చోట, పన్నెండు వేలు పాతిక అయిన చోట, కారు ప్రేమించే మామూలు మనిషి చేతిలోంచి కారు జారిపోయింది. జారిపోని చోట అంతకన్నా ఘోరం జరిగింది: కారు వాడి దగ్గరే ఉంది, వాడే నడపడం మానేశాడు.

మన తెలుగువాళ్ళకి ఇది అర్థం కావడానికి మాంటెరే వేలంపాటల దాకా పోనక్కర్లేదు. మా బాబాయి 2015లో రాజధాని వస్తోందని గుంటూరు వైపు ఒక ప్లాటు కొన్నాడు. మిరప పండిన నేల. నాలుగు హద్దురాళ్ళు, ఒక సిమెంటు ఆర్చి, దాని మీద ఇంగ్లీషులో ఏదో ఎన్‌క్లేవ్ అని పేరు. ఆ వెంచర్‌లో రెండువందల పైచిలుకు ప్లాట్లుంటే ఇల్లు కట్టుకుని ఉందామని కొన్నవాడు ఒక్కడూ లేడు. అందరూ ‘ఎంతవుద్ది’ గాళ్ళే. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక కొనేవాడు లేక అక్కడ తుమ్మచెట్లు మొలిచాయి. తర్వాత మళ్ళీ ధర లేచిందనుకోండి, అది వేరే కథ. నేను చెప్పేది ఆ మధ్య కాలం గురించి. ఆ నేల మీద మిరపా పండలేదు, పిల్లలూ ఆడలేదు. నేల నేలగా లేదు, ఇల్లూ కాలేదు. పాసుపుస్తకంలో అంకెగా బతికింది.

కార్లలో ఇది మొదటిసారి కూడా కాదు. 1988 ఆగస్టులో ఎన్జో ఫెరారీ పోయాడు. అప్పటికే జపాన్‌లో డబ్బు పొంగుతోంది. ఏడాది తిరిగేసరికి 250 జీటీఓ ధర కోటి డాలర్లు దాటింది. జపాన్ బుడగ పేలాక, 90ల మధ్యకొచ్చేసరికి, అదే కారు అందులో మూడోవంతుకు కూడా కష్టమైంది. ఇంజన్ అదే, ఆ పన్నెండు సిలిండర్ల మోత అదే, ఒక్క నట్టు కూడా మారలేదు. ధర కారుని చూసి పెరగలేదు, కారుని చూసి తగ్గనూ లేదు.

ఇప్పుడు నా కథ. పరువు పోయేదే, అయినా చెప్పక తప్పదు.

2015 ఆగస్టులో నేనొక హోండా ఎస్2000 కొన్నాను. 2002 మోడలు, 38,000 మైళ్ళు తిరిగింది, 17,500 డాలర్లు. తెలియనివాళ్ళకి: రెండు సీట్లు, పైకప్పు గుడ్డది, రెండు లీటర్ల ఇంజన్. టర్బో లేదు. అయినా 240 గుర్రాల బలం, టాకోమీటర్‌లో ఎర్రగీత తొమ్మిదివేల దగ్గర. అంటే మామూలు కారు అరిచి ఆగిపోయే చోట ఇది ఊపిరి పీల్చుకుంటుంది. ఆరువేలు దాటగానే కామ్‌షాఫ్ట్ మీద ఇంకో జత మిట్టలు అందుకుంటాయి, ఇంజన్ గొంతు మారిపోతుంది. హోండా కంపెనీ యాభయ్యేళ్ళ పండగకి తమకి తాము చేసుకున్న కారు అది. లాభం కోసం ఎవరూ అలాంటి ఇంజన్ చెయ్యరు.

మూడేళ్ళు నడిపాను. ఆదివారం తెల్లారి అయిదున్నరకి సన్నీవేల్‌లో బయల్దేరి, వుడ్‌సైడ్ మీదుగా కొండెక్కి, స్కైలైన్ బులవార్డ్ పట్టుకుని, సారటోగా దగ్గర దిగేవాణ్ణి. అరవై మైళ్ళు. రెడ్‌వుడ్ చెట్ల కింద పొగమంచు, పైన ఎండ, మళ్ళీ కింద పొగమంచు. ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండి ఇడ్లీలు తినేవాణ్ణి. ఆ వారం ఉద్యోగంలో ఏ మేనేజర్ ఏమన్నా పట్టేది కాదు.

తర్వాత ఆన్‌లైన్ వేలాల మీద కన్ను పడింది. రోజూ రాత్రి ఏ ఎస్2000 ఎంతకు పోయిందో చూడ్డం మొదలెట్టాను. నాలాంటివాడికి అంకెలు కనిపిస్తే స్ప్రెడ్‌షీట్ తెరవకుండా ఉండటం కష్టం. మైళ్ళు ఒక గడిలో, ధర ఒక గడిలో. వందకు పైగా అమ్మకాలు ఎక్కించి ఒక గీత గీశాను. నలభై అయిదువేల మైళ్ళ కారుకీ యాభై అయిదువేల మైళ్ళ కారుకీ సుమారు నాలుగు వేల డాలర్ల తేడా. అంటే మైలుకి నలభై సెంట్లు. నా ఆదివారం తెల్లారి ఖరీదు 24 డాలర్లు. పెట్రోలు కాక.

ఆ లెక్క ఒకసారి బుర్రలో పడ్డాక బయటికి పోదు. కొండ ఎక్కుతున్నంతసేపూ మీటరే కనిపించేది, చెట్లు కావు. 2019లో తొమ్మిదివందల మైళ్ళు నడిపాను. 2020లో మూడువందలు. 2021 మొత్తానికి 112. అపార్ట్‌మెంట్ బయట ఎండలో గుడ్డ కప్పు పాడవుతుందని అప్పటికే నెలకి 240 డాలర్లకి ఒక గరాజు అద్దెకి తీసుకున్నాను. కారుకి అద్దె కట్టి, దాన్ని చూడటానికి ఇంకో కారులో వెళ్ళేవాణ్ణి. బ్యాటరీ చచ్చిపోకుండా చార్జర్ పెట్టి, టైర్లు ఒకచోటే నొక్కుకుపోకుండా నెలకోసారి రెండడుగులు ముందుకి తోసి, గుడ్డ కప్పి తాళం వేసి వచ్చేవాణ్ణి. ఐసీయూలో చుట్టాన్ని చూసొచ్చినట్టుండేది.

2022 వసంతంలో ఒకతను 36,000 ఇస్తానన్నాడు. రెట్టింపు! మా గ్రూపులో చెప్తే అందరూ ‘కింగ్’ అన్నారు. ఆ రాత్రి అసలు లెక్క వేశాను. గరాజు అద్దె నాలుగేళ్ళకి 11,520. బీమా సుమారు 4,000. ఎలక కొరికిన వైర్లతో సహా రిపేర్లు 3,000. రెండు జతల టైర్లు 1,600. చిరిగిన కప్పుకి 1,400. మొత్తం 21,520. వచ్చే లాభం 18,500. నేనేదో ఆస్తి కూడబెట్టానని మురిసిపోతున్న ఏడేళ్ళలో మూడువేల డాలర్లు పోగొట్టుకున్నాను. అదే 17,500 ఏ ఆలోచనా లేకుండా ఇండెక్స్ ఫండ్‌లో పడేసుంటే నలభై వేలు దాటి ఉండేది, దానికి గరాజు అద్దె ఉండదు, ఎలకలు కొరకవు. ఇంకో మాట, మూడువేలు పోయాయని నాకు బాధ లేదు. సినిమాలకీ, ఊళ్ళు తిరగడానికీ అంతకన్నా ఎక్కువే తగలేశాను. ఆ మూడువేలకి నాకు దక్కింది 112 మైళ్ళ ఏడాది. అదీ బాధ.

అమ్మానా? అమ్మలేదు. నలభై అవుతుందేమో అనుకున్నాను. తర్వాత ఏడాది నుంచి ధరలు దిగాయి.

కాబట్టి ‘పెట్టుబడి’ వాదానికి నా మొదటి జవాబు చాలా చప్పటిది: మామూలు మనిషి కొనే స్థాయి కార్లలో అది లెక్కగానే నిలబడదు. బంగారం బీరువాలో ఊరికే ఉంటుంది. కారు ఊరికే ఉండదు, నిలబడ్డ చోటే పాడవుతుంది. రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చుకుని ట్యాంకుని తింటుంది. బ్రేక్ ద్రవంలోకి నీరు చేరుతుంది. ఫెరారీ ఎఫ్355 లాంటివాటిలో అయితే టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజనే కిందికి దించాలి. నువ్వు నడిపినా నడపకపోయినా ఆ బెల్టుకి వయసొస్తుంది. బ్రిటన్‌లో కారు అమ్మి సంపాదించిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు తెలుసా? దీన్ని చూపించే అక్కడి బ్రోకర్లు ‘చూశారా ఎంత మంచి పెట్టుబడో’ అంటారు. నాకు మాత్రం ఆ మినహాయింపులో వేరే సంగతి కనిపిస్తుంది. కారంటే అరిగిపోయే వస్తువని ఆదాయపు పన్ను వాళ్ళకి కూడా తెలుసు.

అయితే నన్ను నిజంగా వేధించిన ప్రశ్న లెక్కది కాదు. కోట్ల ఖరీదు చేసే జీటీఓలని జనం రేసుల్లో నడుపుతారు. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ 70ల చివర్లో కొన్న జీటీఓని దశాబ్దాల తరబడి రేసుల్లో తోలుతూనే ఉన్నాడు. గుడ్‌వుడ్‌లో ఏటా జరిగే పాత కార్ల రేసుల్లో కోట్ల విలువ చేసే కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి, సొట్టలు పడతాయి, సాయంత్రం ఓనర్లు నవ్వుకుంటూ ఫొటోలు దిగుతారు. మరి పాతికవేల డాలర్ల హోండాని గరాజులో దాచుకుని నేనెందుకు చచ్చాను?

డబ్బున్నవాడికి భయం లేదనేది సులువైన సమాధానం. అది సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, ముప్పై ఆరు జీటీఓల్లో ప్రతిదానికీ ఒక కథ ఉంది. ఏ రేసులో పరిగెత్తింది, ఎవరు నడిపారు, ఎక్కడ గుద్దుకుంది. ఇంకో రేసు నడిస్తే ఆ కథకి ఇంకో పేజీ చేరుతుంది. ఎస్2000లు లక్షా పదివేల దాకా చేశారు. ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఏముంది? రంగు, మోడలు సంవత్సరం, అంతే. వాటిలో నాది ‘ప్రత్యేకం’ అని చెప్పుకోవడానికి ఉన్న ఏకైక అంకె ఓడోమీటర్ మీదది. ఎంత తక్కువ జీవిస్తే అంత గొప్ప. వాల్టర్ బెంజమిన్ 1930లలో యంత్రాలు నకళ్ళు తీసే కాలంలో కళకి ఉన్న ప్రభ ఎలా పోతుందో రాశాడు. ఆయనకి తట్టని మలుపు ఇది: ఫ్యాక్టరీలో లక్ష నకళ్ళు తీసిన వస్తువుకి మనమే మళ్ళీ ప్రభ అతికించాలని చూస్తున్నాం. అతికించడానికి మన దగ్గర దొరికిన జిగురు ఒకటే, వాడకపోవడం. నలగని సీటు. తెరవని పుస్తకం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొనేవాళ్ళు రెండు రకాలు: లోపల ఎవరో పెన్సిల్‌తో గీసిన గీతలు చూసి సంబరపడేవాడు, అవి చూసి కింద పెట్టేసేవాడు. రెండోవాడి ఇంట్లో పుస్తకాలు బాగుంటాయి, ఒప్పుకుంటాను. వాడితో పుస్తకాల గురించి మాట్లాడలేం.

దీనికి తోడు ‘ఒరిజినల్’ పిచ్చి. ఎస్2000కి తలుపులు, బానెట్, బంపర్లు, వీటన్నిటి మీదా చాసిస్ నంబరున్న చిన్న స్టిక్కర్లుంటాయి. ఒక్కటి లేకపోయినా కొనేవాడు మొహం ముడుస్తాడు. నేను టార్చిలైటు పట్టుకుని నా కారు స్టిక్కర్లు లెక్కపెట్టిన రాత్రులున్నాయి. పెళ్ళిచూపుల్లో అమ్మాయికి పళ్ళు లెక్కపెట్టినట్టు. ఇంగ్లండులో 1990లో దీని మీద ఒక కోర్టు కేసే నడిచింది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ 1929లోనూ 1930లోనూ ల మాన్ రేసు గెలిచింది. దాన్ని కోటి పౌండ్లకి కొంటామని ఒప్పుకున్నవాళ్ళు తర్వాత అడ్డం తిరిగారు. ఇందులో ఆనాటి ఇనుము దాదాపు లేదు, అన్నీ మార్చేశారు, ఇది ఆ కారే కాదు అన్నారు. జడ్జి అంతా విని, ఇది ఓల్డ్ నంబర్ వన్నే అని తీర్పిచ్చాడు. ఆ కారు ఎప్పుడూ మాయమై మళ్ళీ పుట్టలేదు, ఒక మార్పు తర్వాత ఇంకో మార్పుగా బతుకుతూనే వచ్చింది కాబట్టి. సాహిత్యం చదివేవాళ్ళకి ఇదేమంత వింతగా ఉండకూడదు. వేమన పేరుమీదున్న పద్యాల్లో ఏవి ఆయనవో ఏవి జనం కలిపినవో ఇప్పటికీ తేలలేదు. అందుకని చెప్పుకోవడం ఆపామా?

ఇక్కడ ఎదుటివాళ్ళ మాట వినాలి, ఎందుకంటే అది బలమైన మాటే. ధరలు పెరగబట్టే ఈ కార్లు బతికాయి అంటారు వాళ్ళు. నిజం. టెక్సస్‌లో ఒక 250 జీటీఓ ఒకప్పుడు హైస్కూల్లో పిల్లలు మెకానిక్ పని నేర్చుకునే షెడ్డులో ఉండేది. స్కూలు వాళ్ళు దాన్ని 70లలో కొన్ని వేల డాలర్లకు అమ్మేస్తే, కొన్నవాడు ఒహాయోలో ట్రెయిలర్ మీద ఆరుబయట ఏళ్ళ తరబడి వదిలేశాడు. వానా మంచూ దాని మీదే. తర్వాత దానికి మంచి రోజులొచ్చాయంటే కారణం ప్రేమ కాదు, ధర. 911ల సంగతీ అంతే. చవగ్గా ఉన్నప్పుడు వాటి చౌక రిపేర్లూ అలాగే ఉండేవి. ఇంజన్ బాగుచేయించడానికి కారు ఖరీదుకన్నా ఎక్కువయితే జనం విడిభాగాలకి కోసేశారు.

ఇదంతా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక అడుగుతాను, ఎంతవరకు? కారు ధర దాన్ని బాగుచేసే ఖర్చుని దాటినంతవరకు ధర కారుకి ప్రాణం పోస్తుంది. ఓనరు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాడు, కంపెనీ విడిభాగాలు మళ్ళీ చేస్తుంది. మాజ్డా వాళ్ళు 2017లో మొదటి తరం మియాటాలకి స్వయంగా రిపేరు పథకం పెట్టారంటే ఆ కార్లకి అంత ఆదరణ వచ్చింది కాబట్టే. ఆ గీత దాటి ధర ఇంకా పైకి పోయినకొద్దీ కారుకి కొత్తగా ఏమీ అందదు. ఓనర్ చెయ్యి స్టీరింగ్ మీంచి లేచి జేబు మీదకి పోతుంది, అంతే. మొదటిది వైద్యం, రెండోది శవానికి మసాలాలు పూయడం. మన హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముది పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది, 1912ది, లోపల సింహాసనం. వందేళ్ళలో కొన్ని వందల మైళ్ళు తిరిగిందేమో. చూసి రండి. ఎంతో బాగుంటుంది. పెద్ద నగల పెట్టె చూసొచ్చినట్టుంటుంది, కారు చూసినట్టుండదు.

చట్టం కూడా ఈ దారినే పోతోంది. మన దేశంలో 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం యాభయ్యేళ్ళు దాటిన బండికి ఇరవైవేలు కట్టి ప్రత్యేకం రిజిస్టర్ చేయించుకోవచ్చు, కానీ రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ మాత్రమే. తుక్కు కాకుండా కాపాడారు, సంతోషం. కూరగాయలకి వెళ్ళొచ్చే హక్కు మాత్రం పోయింది.

2022 ఎండాకాలంలో నాన్న వచ్చాడు. నరసరావుపేటలో ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాడు. బజాజ్ చేతక్ ఒకటి పంతొమ్మిదేళ్ళు తోలాడు. దాని స్టెప్నీ కవర్ రంగు వెలిసి తెల్లగా అయ్యేదాకా, నేను ముందు నిలబడే వయసు నుంచి వెనక కూచుని తగువులాడే వయసు దాకా. గరాజుకి తీసుకెళ్ళి గుడ్డ తీసి చూపించాను. చుట్టూ తిరిగి చూశాడు.

“బావుందిరా. పాడైందా?”

“లేదు నాన్నా. కండిషన్లో ఉంది.”

“మరి తోలవే?”

ఓడోమీటర్ మీద 49,870 ఉంది. యాభైవేలు దాటితే వేలంలో వేరే వరసలోకి పడుతుందని నా స్ప్రెడ్‌షీట్ చెప్పింది. కొండెక్కి దిగితే అరవై, ఇంకోసారి అరవై, ఇంకొక్కసారి వెళ్తే దాటిపోతుంది. పైగా టైర్ల మీద తారీఖు చూస్తే ఆరేళ్ళు దాటాయి. “టైర్లు మార్పించాలి నాన్నా, ఈసారి వెళ్దాం” అన్నాను. ఆయన ఏమీ అనలేదు. గుడ్డ కప్పడానికి రెండోవైపు పట్టుకున్నాడు. ఆరు నెలలుండి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మోకాళ్ళు బాగాలేవు, అంతసేపు విమానంలో కూచోలేనంటున్నాడు. ఎస్2000 సీటు నేలకి జానెడెత్తున ఉంటుంది. వచ్చినా ఇక అందులో దిగి కూచోలేడు.

కాబట్టి తమ్ముడూ, ధరలు పెంచిన వాళ్ళని తిడుతున్నానని అనుకోకు. కొని దాచి అమ్ముకునే వ్యాపారులు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళ పని వాళ్ళు చేస్తారు. నేను తిట్టేది, ప్రేమతో మొదలుపెట్టి వ్యాపారి కళ్ళజోడు అరువు తెచ్చుకున్న మనలాంటివాళ్ళని. వ్యాపారికి లాభమైనా వస్తుంది. మనకి అదీ రాదు.

నేను 2023 జనవరిలో టైర్లు మార్పించి, గరాజు ఖాళీ చేసి, స్ప్రెడ్‌షీట్ డిలీట్ చేశాను. (చేశానంటే, ఒక కాపీ ఉంది. నిజం చెప్పాలి కదా.) యాభైవేలు స్కైలైన్ మీద కాదు, కాస్ట్‌కో పార్కింగ్‌లో దాటింది. వెనక సీటు లేని కారులో బియ్యం బస్తా పక్కసీట్లో పెట్టి బెల్టు పెట్టాను. ఇప్పుడు 61,400. బానెట్ మీద రాయి తగిలిన చుక్కలు మూడున్నాయి. మొన్న ఎవరో 22,000కి అడిగారు, నవ్వొచ్చింది.

ఇక నీ 1995 911. అది కొనడానికి అప్పు చెయ్యాల్సొస్తే కొనకు. అప్పుతో కొన్నవాడు నడపలేడు, ప్రతి మలుపులో బ్యాంకు గుర్తొస్తుంది. అది గుద్దుకుని సొట్టపడితే ఒక వారం ఏడ్చి తేరుకోగలనని నీకు నమ్మకముంటేనే కొను. లేదంటే దాంట్లో పదోవంతు పెట్టి లక్షా నలభైవేల మైళ్ళు తిరిగిన మియాటా చూసుకో. 116 గుర్రాలు, వెయ్యికిలోల లోపు బరువు, కొండ మీద నీకు కావాల్సినంత. తలుపుల కింద అంచుల్లో తుప్పుందేమో వేలితో నొక్కి చూడు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రసీదు అడుగు, నోటిమాట నమ్మకు. అన్నిటికన్నా ముందు టైరు పక్కన చిన్న కోలగీతలో నాలుగంకెలుంటాయి చూడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. తక్కువ మైళ్ళ కారని మురిసిపోయి కొన్నవాళ్ళలో చాలామంది ఇది చూడరు. దారాలు నిండుగా ఉంటాయి, రబ్బరు మాత్రం రాయి అయిపోయి ఉంటుంది. పాల్ వాకర్ చనిపోయిన ఆ పోర్షె అతివేగంగా వెళ్ళిందని దర్యాప్తులో తేల్చారు. దాని టైర్లు తొమ్మిదేళ్ళవని కూడా అందులోనే రాశారు.

టైర్లు మార్పించాక ఆదివారం అయిదున్నరకి ఫోన్ చెయ్యి. నేను వుడ్‌సైడ్ దగ్గర ఉంటాను.